నీటి గీత

పిడి ఒక్కటే ఇంకా మెరుస్తోంది,
మిగతా ఫ్రిజ్ అంతా తుప్పు.
మల్కాపురంలో ఇనుము ఇనుములా ఉండదు.
కిటికీ ఊచ, సైకిల్ చైను, బీరువా తాళం,
అప్పులవాడిలా రోజూ వచ్చి
కొంచెం కొంచెం గీక్కుపోతుంది సముద్రం.

"పాత సామాన్లోడికి ఇచ్చీ వదినా,
కిలో ముప్పై లెక్కనొస్తాది" అన్నాడు మా మరిది.
నేను ఉప్పుకాగితం కొనుక్కొచ్చాను.

ఎనభై నంబరుతో మొదలుపెట్టాను,
పిండి రుబ్బినట్టు గుండ్రంగా.
ముందు ఊడింది నేను కాపురానికొచ్చిన ఏడాది మెరూను.
దాని కింద ఆకుపచ్చ,
ఇంటర్ తప్పిన వేసవిలో మరిది కోపంగా పూసింది,
కుంచె వెంట్రుకలు అందులోనే ఎండిపోయి ఉన్నాయి.
దాని కింద బూడిద రంగు.
ఏ కొట్లోనూ అమ్మని బూడిద.

షిప్‌యార్డ్ నుంచి మామయ్య టిఫిన్ క్యారియర్లో
అడుగు గిన్నె నిండా వచ్చిందట అది.
మూడు రోజులు మజ్జిగన్నం టర్పెంటు వాసనేసిందని
అత్తయ్య పోయేదాకా చెప్పింది.
అన్నిటికన్నా లోపల
మీగడ రంగు, గోరంత మేర,
గుండ్రటి భుజం వంపులో దాక్కుని.

అప్పట్లో వరస మొత్తానికి ఇదొక్కటే.
పై అరలో తడిగుడ్డ చుట్టిన నూకరత్నం మల్లెమొగ్గలు,
పక్కనే పీటరు మాస్టారి ఇన్సులిన్ సీసాలు.
తన సూదిమందు మల్లెపూల వాసనేస్తుందని
మాస్టారు డాక్టరుతో కూడా వాదించాడు.
కింది అరలో ఎవరింటి పెళ్ళి తాలూకు పాలో.
మా మజ్జిగకి మాత్రం
ఎప్పుడూ చోటుండేది కాదు.

రెడ్ ఆక్సైడ్ వేసి ఆరబెట్టినరోజు
ఎల్లాజీ మావ వచ్చాడు.
ముప్పై ఒక్కేళ్ళు ఓడలకి రంగులేసిన మనిషి,
అరచేత్తో కాదు, మునివేళ్ళ వెనకవైపుతో
రేకుని తడిమి చూశాడు, జ్వరం చూసినట్టు.
"నీళ్ళు ఎక్కడిదాకా వొచ్చినాయమ్మా?"
నాకర్థం కాలేదు.
వంగి, జానెడు ఎత్తున వేలు పెట్టాడు.
ఎంత గీకినా పోని గోధుమరంగు చార.

హుద్‌హుద్ నాడు
రేకులెగిరిపోయిన ఇంట్లో
ఫ్రిజ్ మీద పిల్లల్ని కూర్చోబెట్టి
నేను మంచం ఎక్కి నిలబడ్డాను.
నీళ్ళెంత లోతో చూసుకోలేదు.
ఇది చూసుకుంది.

"ఓడకైనా ఇంతే. నీటికి కింద ఒక రంగు,
పైన ఒకటి. అడుగుకి ఎర్రదెయ్యాలి."
పెద్ద మాటే అనిపించింది.
తన దగ్గర అర డబ్బా ఎరుపు మిగిలిపోయిందని,
అది పారేస్తేగానీ అన్నం పెట్టనందని వాళ్ళావిడ,
తర్వాత తెలిసింది.

సుద్ద పూసిన నూలుదారం
ఒక కొస నా చేతికిచ్చాడు.
లాగి, వదిలాడు. టప్.
వణికే చేతుల మనిషి గీసిన
వణకని గీత.

పైన మీగడ రంగు నా వంతు.
పదయితే గాలి తిరుగుతుంది, ఆలోపు ముగించాలి.
మొదటి పూత మీద పోర్టు బొగ్గునలుసులు వాలాయి.
గీకాను. మళ్ళీ వేశాను. మళ్ళీ వాలాయి.
మూడోసారి చుట్టూ తడిచీరలు కట్టి
బాలింత గదిలా చేసి కూర్చున్నాను కాపలా.

ఆరోరోజు ప్లగ్గు పెట్టాను.
దగ్గింది. ఆగింది.
నేను వంటింట్లోకి వెళ్ళి
అక్కర్లేని గిన్నె ఒకటి తోముతుంటే
వెనక నుంచి సన్నగా
గుర్ర్ర్ మని అందుకుంది.

ఇప్పుడు వరసలో ఇంటింటికీ రెండు తలుపుల ఫ్రిజ్‌లు.
నూకరత్నానికీ ఉంది.
అయినా సాయంత్రం తడిమూటతో వచ్చింది.
"మా దాన్లో మనవడు సేపలెట్టేత్తన్నాడమ్మా,
పూలకి నీసొచ్చేత్తంది."
అడగలేదు. పిడి పట్టి లాగింది.
రబ్బరుకి అంటుకున్న కొత్త రంగు
చిన్న చప్పుడుతో వదిలింది.
నీటి గీతకి కాస్త పైన,
మోకాలు ఆనించిన చోట,
ఆమె చీర నేత అచ్చు పడింది.

దిద్దుదామని కుంచె తడిపి కూడా
దిద్దలేదు.

పొద్దున లేచి తలుపు తీస్తే
పై అరంతా మల్లెలు,
కింద అరలో ఎవరిదో ఇడ్లీపిండి.
మజ్జిగకి మళ్ళీ చోటు లేదు.